బేరానికి ముందే పూర్తి ధర: తెలంగాణ రెరాకు బహిరంగ లేఖ

తెలంగాణ స్థిరాస్తి నియంత్రణ ప్రాధికార సంస్థ అధ్యక్షులకు, సభ్యులకు



హైదరాబాదులోనూ, దాని చుట్టూ విస్తరిస్తున్న శివారుల్లోనూ కొత్తగా కట్టిన ఫ్లాటు కొనదలచిన మధ్యతరగతి కుటుంబం, జీవితంలోకెల్లా పెద్దదైన ఆ ఖర్చును గురించి తగిన సమాచారం చేతిలో లేకుండానే బేరమాడవలసి వస్తున్నది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన తరువాత కొనుగోలుదారుకు అనేక రక్షణలు సమకూరిన మాట నిజమే. అయితే వాటిలో అధికభాగం ధర కుదిరి ఒప్పందం రాసుకున్న తరువాతనే అక్కరకు వస్తాయి. ధర కుదిరే ఘట్టంలో కొనుగోలుదారు దాదాపు ఒంటరిగానే మిగులుతున్నాడు. ఇంటి పూర్తి ధర బేరం మొదలు కాకముందే లిఖితపూర్వకంగా అతని చేతికి అందేలా సంస్థ ఆదేశించాలని కోరడమే ఈ లేఖ ఉద్దేశం.

బేరానికి మొదటి ఆధారం కొలత. చట్టంలోని రెండవ సెక్షను కార్పెట్ ఏరియాను స్పష్టంగా నిర్వచించింది: బయటి గోడలు, సర్వీసు షాఫ్టులు, ఆ ఇంటికే చెందిన బాల్కనీ లేదా వరండా, ఆరుబయటి టెర్రస్ మినహాయించి, లోపలి అడ్డుగోడలను మాత్రం కలుపుకొని, ఇంట్లో వాడుకకు వచ్చే నేల విస్తీర్ణమే అది. ప్రాజెక్టు నమోదు సమయంలో బిల్డరు వెల్లడించవలసింది ఈ కొలతనే. అయినా మార్కెట్టులో నేటికీ వినిపించేది చదరపు అడుగుకు ఇంత అని చెప్పే ‘ఎస్‌ఎఫ్‌టీ రేటు’. ఆ రేటు సూపర్ బిల్టప్ ఏరియాకు, అంటే గోడలు, బాల్కనీలతో పాటు మెట్లు, లిఫ్టులు, కారిడార్ల వంటి ఉమ్మడి స్థలాల్లో ఒక వాటాను కూడా కలిపి చూపే విస్తీర్ణానికి చెందినది. ఆ వాటా బిల్డరు బిల్డరుకూ మారుతుండటం వల్ల రెండు ప్రాజెక్టుల రేట్లను పక్కపక్కన పెట్టి పోల్చడం వృథా ప్రయాస అవుతున్నది. ఒక బిల్డరు 1,800 చదరపు అడుగుల ఫ్లాటుకు అడుగు 8,000 రూపాయలు చెప్పాడనీ, అందులో కార్పెట్ ఏరియా 1,200 అడుగులేననీ అనుకుంటే, మొత్తం 1.44 కోట్లు, కార్పెట్ అడుగుకు 12,000 రూపాయలు అవుతుంది. మరొకరు 1,700 అడుగులకు 8,400 చొప్పున చెప్పి 1,230 అడుగుల కార్పెట్ ఏరియా ఇస్తే, మొత్తం 1.428 కోట్లు, కార్పెట్ అడుగుకు సుమారు 11,610 రూపాయలే పడుతుంది. అడుగుకు 400 రూపాయలు ఎక్కువ చెప్పిన ఇల్లే నిజానికి చవక అయినా, ఎస్‌ఎఫ్‌టీ రేటును నమ్ముకొని బేరమాడే కుటుంబానికి ఆ సంగతి తెలిసే మార్గం లేదు.

కొలత తరువాత వచ్చే చిక్కు అదనపు చార్జీలది. పై అంతస్తులకు పెరుగుతూ పోయే ఫ్లోర్ రైజ్, మూల ఫ్లాటుకో తూర్పు ముఖానికో వేసే ప్రత్యేక రుసుము, కారు పార్కింగ్, క్లబ్‌హౌస్, నీటి, విద్యుత్ కనెక్షన్లు, ముందస్తు నిర్వహణ ఖర్చు, భవిష్యత్ మరమ్మతుల కోసం నివాసితుల సంఘం పేరిట నిల్వచేసే కార్పస్ ఫండ్ — ఇవన్నీ రేటు కుదిరిన తరువాత ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. పై ఉదాహరణలోని మొదటి ఫ్లాటుకు ఎంతో ప్రయాసపడి అడుగుకు 200 రూపాయలు తగ్గించుకున్న కొనుగోలుదారుకు మిగిలేది 3.6 లక్షలు కాగా, ఆపైన పార్కింగ్ పేరిట 5 లక్షలు చేరితే బేరంలో గెలిచినదంతా పోయి ఇంకా 1.4 లక్షలు ఎదురు చెల్లించవలసి వస్తుంది. నిర్మాణంలో ఉన్న ఇంటిపై, అందుబాటు ధరల విభాగంలోకి రానప్పుడు, 2019 ఏప్రిల్ 1 నుంచి 5 శాతం జీఎస్టీ పడుతుంది. భవనం నివాసానికి సిద్ధమైందని స్థానిక సంస్థ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన తరువాతనే మొత్తం సొమ్ము చెల్లిస్తే ఆ పన్ను ఉండదు. తెలంగాణలో 2021 జులైలో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిసి 7.5 శాతానికి పెరిగాయి. ఈ రేట్ల ప్రకారం 1.44 కోట్ల ధరపై జీఎస్టీ 7.2 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు 10.8 లక్షలు, వెరసి 18 లక్షలు అవుతుంది. 75 లక్షలు దాటిన గృహరుణం ఇంటి విలువలో 75 శాతాన్ని మించరాదని రిజర్వు బ్యాంకు నియమం ఉండటం, ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చులను కలపకూడదనడం చూస్తే, చివరి నిమిషంలో వచ్చిపడే భారం కుటుంబం దాచుకున్న సొమ్ము మీదనే పడుతుందని బోధపడుతుంది.

బిల్డర్లు రేటు తగ్గించడానికి ఎందుకు వెనకాడతారో గ్రహిస్తే కొత్త ఇంటి బేరం స్వభావం అర్థమవుతుంది. ఒక ఫ్లాటుకు ప్రకటిత రేటు తగ్గిందని తెలిస్తే ముందే కొన్నవారు నిలదీస్తారు, తరువాత వచ్చేవారు అదే రేటు అడుగుతారు, బ్యాంకుల విలువ లెక్కలూ దాని వెంటే దిగుతాయి. అందువల్ల రేటును కదలనీయకుండా మాడ్యులర్ కిచెన్, ఏసీలు, రిజిస్ట్రేషన్ ఖర్చులో వాటా వంటి రాయితీలను గుట్టుగా ఇవ్వడమే బిల్డరుకు లాభం. ఆ రాయితీలు నోటిమాటగా మిగిలిపోతే కొనుగోలుదారుకు వాటిపై హక్కు నిరూపించుకోవడం కష్టం. పైగా పక్కింటివారికి దక్కిన తగ్గింపు తనకూ అడగవచ్చన్న సంగతే అతనికి తెలియదు. ఇందుకు భిన్నంగా బ్రిటన్‌లో కొత్త ఇళ్ల మీద ఇచ్చే తగ్గింపులను, కానుకలను రుణసంస్థకూ, విలువ లెక్కించేవారికీ ప్రత్యేక పత్రంలో వెల్లడించే పద్ధతి 2008లో మొదలైంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1995 నుంచి జరిగిన ఇళ్ల అమ్మకాల ధరలను అక్కడి భూమి రిజిస్ట్రీ ఎవరైనా ఉచితంగా చూసుకునేలా ప్రచురిస్తున్నది. తెలంగాణకు తగిన మార్పులతో అటువంటి ఏర్పాటు ఇక్కడా సాధ్యమే.

ఇంకా ఆందోళన కలిగించేవి ప్రాజెక్టు నమోదుకు ముందే జరిగే ప్రీ లాంచ్ బేరాలు, నగదు బేరాలు. 500 చదరపు మీటర్ల భూమి గానీ ఎనిమిది ఫ్లాట్లు గానీ మించిన ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రకటించడం, బుకింగులు తీసుకోవడం మూడవ సెక్షను ప్రకారం నిషిద్ధం. రిజిస్టరైన అమ్మకం ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదని పదమూడవ సెక్షను చెబుతున్నది. మొత్తం సొమ్ము ముందే చెల్లిస్తే సగం రేటుకే ఇస్తామనే మాట ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, ఈ రెండు రక్షణలనూ వదులుకున్నందుకు దక్కే తగ్గింపే అది. కొంత సొమ్ము నగదుగా ఇస్తే ధర తగ్గుతుందనే మాటా అంతే: స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన మొత్తాన్ని నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించడం ఒక ఎత్తు కాగా, అలా ఇచ్చిన సొమ్ము, కొనుగోలుదారుల చెల్లింపుల్లో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు ఖర్చుల కోసమే జమచేయాలని స్థిరాస్తి చట్టం కోరిన ప్రత్యేక ఖాతాలో చేరదు, ఒప్పందంలో కనిపించదు, ఇల్లు ఆలస్యమైనప్పుడు పద్దెనిమిదవ సెక్షను కింద వడ్డీతో వాపసు కోరడానికి దానికి ఆధారమూ ఉండదు.

బిల్డర్ల ఇబ్బందులను ఈ లేఖ తక్కువ చేయడం లేదు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికిన నగరంలో భూమి ఖరీదు, వడ్డీ, నిర్మాణ వ్యయం ధరలో ప్రతిఫలించక తప్పదు. ధరలను ప్రభుత్వం నిర్ణయించాలని ఇక్కడ ఎవరూ కోరడం లేదు. నిజాయితీగా వ్యాపారం చేసే బిల్డరు పూర్తి ధర చెప్పినందుకు, దాచి చెప్పే పోటీదారు ముందు ఖరీదైనవాడిగా కనిపించే దుస్థితి పోవాలన్నదే కోరిక.

అందుచేత సంస్థ నాలుగు చర్యలు తీసుకోవాలని ఈ లేఖ కోరుతున్నది. మొదటిది, బుకింగ్ సొమ్ము తీసుకునే ముందే కార్పెట్ ఏరియా ఆధారంగా ఇంటి ధర, సమస్త చార్జీలు, పన్నులు, రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపిన గుండుగుత్త మొత్తాన్ని ఒకే పేజీలో, తెలుగులో, సంతకంతో ఇవ్వాలి. రెండవది, బేరంలో ఒప్పుకున్న ప్రతి తగ్గింపూ, ప్రతి వస్తువూ విలువతో సహా అమ్మకం ఒప్పందంలో చేరాలి. మూడవది, బుక్కైన ఫ్లాట్ల సంఖ్యను మూడు నెలలకోసారి వెల్లడించాలని పదకొండవ సెక్షను ఇప్పటికే విధించినందున, కొనుగోలుదారుల పేర్లు లేకుండా అవి ఏ నికర ధరకు అమ్ముడయ్యాయో కూడా దానితో పాటే ప్రకటింపజేయాలి. నాలుగవది, తొమ్మిదవ సెక్షను కింద నమోదైన ఏజెంట్లు పైన చెప్పిన ఒకే పేజీ ధర పత్రంలోని ధరను తప్ప మరే రేటునూ ప్రచారం చేయకూడదు.

బిల్డర్లకూ ఏజెంట్లకూ ఆదేశాలిచ్చే అధికారాన్ని ముప్ఫై ఏడవ సెక్షను, నియమావళి రూపొందించే అధికారాన్ని ఎనభై అయిదవ సెక్షను సంస్థకు ఇచ్చాయి. ప్రభుత్వ నిర్ణయం అవసరమైన చోట సిఫారసు చేసే బాధ్యతను ముప్ఫై రెండవ సెక్షను అప్పగించింది. కనుక ఈ నాలుగు అంశాలపై ముసాయిదాను తెలుగులో ప్రచురించి, కొనుగోలుదారుల, బిల్డర్ల, బ్యాంకుల అభిప్రాయాలను బహిరంగంగా స్వీకరించి, నిర్ణీత గడువులో తుది ఆదేశం వెలువరించాలని విన్నపం. ఇరవై ఏళ్ల వాయిదాలకు సిద్ధపడి ఇల్లు కొనే కుటుంబానికి, తాను దేనికి ఎంత చెల్లిస్తున్నదో సంతకానికి ముందే తెలుసుకునే హక్కు దక్కాలి.

ఇట్లు,
గృహ కొనుగోలుదారుల హితాన్ని కోరే ఒక రచయిత