ఫైలు పోయిందా? ముందు చెయ్యి తీయండి!

అప్లికేషన్‌కు రేపే ఆఖరు తేదీ. నెట్ సెంటర్‌లో పెన్‌డ్రైవ్ పెడితే ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడిగింది. కంగారులో ఓకే నొక్కేశారు. రెజ్యుమె, మార్కుల మెమోల స్కాన్‌లు, నాలుగు నెలలు కష్టపడ్డ ప్రాజెక్టు రిపోర్టు... అన్నీ మాయం. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఎక్కడైనా సరే, ఫైనలియర్ వాళ్లను కదిపితే ఇలాంటి కథ ఎవరో ఒకరు చెబుతారు. వెంటనే ఫ్రెండ్స్ ఇచ్చే సలహా కూడా ఒకటే. ‘రికవరీ సాఫ్ట్‌వేర్ వేసెయ్‌రా, వచ్చేస్తుంది!’

నిజమే, చాలాసార్లు వస్తుంది. కానీ ఎలా వస్తుందో తెలియకపోతే, రావాల్సింది కూడా రాకుండా పోతుంది.

డిలీట్ కొట్టగానే ఫైలు చెరిగిపోదు. ‘ఈ జాగా ఖాళీ, ఇంకోటి రాసుకోవచ్చు’ అని కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది, అంతే. కొత్త ఫైలు వచ్చి మీద పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. దాన్ని వెతికి తీసేవే రెకువా, ఫొటోరెక్, మైక్రోసాఫ్ట్ 2020లో ఉచితంగా తెచ్చిన విండోస్ ఫైల్ రికవరీ లాంటివి. అంటే మొదట చేయాల్సింది ఆగిపోవడం. పెన్‌డ్రైవ్ తీసి పక్కన పెట్టండి. అందులోకి ఒక్క పాట కూడా ఎక్కించొద్దు. ల్యాప్‌టాప్‌లో పోతే ముందు రీసైకిల్ బిన్ చూడండి. గూగుల్ డ్రైవ్‌లో పోతే ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది. అక్కడా లేకపోతేనే సాఫ్ట్‌వేర్. దాన్ని ఫైలు పోయిన డ్రైవ్‌లో మాత్రం ఇన్‌స్టాల్ చేయొద్దు. మీరు వెతుకుతున్న ఫైలు మీదే అది కూర్చోవచ్చు! దొరికినవాటిని కూడా వేరే డ్రైవ్‌లోకే తీసుకోవాలి.

ఇంత జాగ్రత్తపడినా గ్యారంటీ లేదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎస్‌ఎస్‌డీల్లో ట్రిమ్ అనే ఏర్పాటు, డిలీట్ అయిన జాగాను త్వరగానే తుడిచేస్తుంది. అప్పుడు వేలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ కూడా చేతులెత్తేయొచ్చు. ఇక ఫ్రీగా వస్తుందని క్రాక్ వెర్షన్ వేస్తే, పోయిన ఫైలు రాకపోగా వైరస్ వచ్చే ప్రమాదం ఉంది.

అందుకే రికవరీని నమ్ముకుని ఉండటం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అంటాను. కోనసీమ వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 2022 గుర్తుందా? మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఆన్‌లైన్‌లో అన్నీ భద్రంగానే ఉన్నాయి, తెరుచుకునే దారే లేదు. జులైలో గోదావరి వరద లంక గ్రామాలను ముంచెత్తింది. నీళ్లొచ్చిన ఇంట్లో సర్టిఫికెట్ల ఫైలుకైనా, కంప్యూటర్‌కైనా ఒకటే గతి. ఆన్‌లైన్ ఒక్కటే చాలదని మే నెల చెబితే, ఇల్లు ఒక్కటే చాలదని జులై చెప్పింది.

కాబట్టి ముఖ్యమైన ఫైలు మూడు చోట్ల ఉండాలి. ఒకటి ల్యాప్‌టాప్‌లో లేదా ఫోన్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి ఆన్‌లైన్‌లో. ‘అంత ఖర్చు ఎక్కడ పెడతాం?’ అంటారేమో. గూగుల్ ఖాతాతో 15 జీబీ ఉచితమే. సర్టిఫికెట్లకు డిజీలాకర్ ఉండనే ఉంది. కాపీ చేసి వదిలేయకుండా, నెలకోసారి తెరిచి చూడండి. 1998లో పిక్సర్ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ సినిమా ఫైళ్లు చాలావరకు పొరపాటున డిలీట్ అయిపోయాయి. బ్యాకప్ తీస్తే అది సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది! ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సస్‌మన్ అనే ఉద్యోగి కంప్యూటర్‌లో మరో కాపీ ఉండబట్టి సినిమా బతికింది.

మన కాలేజీల్లో రెజ్యుమె ఎలా రాయాలో నేర్పుతున్నారు. దాన్ని ఎలా దాచుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడగకపోవచ్చు. కానీ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి మీ చేతిలో ఉండేవి కంపెనీ ఫైళ్లు. అవి పోతే ‘పొరపాటున ఓకే నొక్కేశాను సార్’ అంటే కుదరదు. ఆ అలవాటు ఈ సాయంత్రమే, మీ సొంత రెజ్యుమెతోనే మొదలుపెట్టండి.