గురువు పేరు కాదు, చెత్తబుట్ట చూడండి

ఫోటో ప్రింటింగ్ వర్క్‌షాపుల ప్రకటనలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. పైన మాస్టర్ ప్రింటర్ పేరు. పక్కన ఆయన ఓ ప్రింట్‌ని వెలుతురులోకి ఎత్తి పట్టుకుని చూస్తున్న బొమ్మ. కింద ఆయన ఏయే పెద్ద ఫోటోగ్రాఫర్లకి పనిచేశాడో జాబితా. చివర్లో 'సీట్లు పరిమితం'. ఎన్‌లార్జర్లు ఎన్ని, మనిషికి ఎన్ని కాగితాలిస్తారు, ప్రింట్ చేసేది ఎవరి నెగెటివ్, ఈ మూడు మాత్రం ఎక్కడా కనపడవు. విచిత్రం ఏంటంటే, చేరేవాళ్లు కూడా అడగరు. ఫోన్ కొనేముందు నలభై రివ్యూలు చదివే మనం, నెల జీతంలో మంచి ముక్క పెట్టి చేరే వర్క్‌షాపు దగ్గరికొచ్చేసరికి పేరు చూసి దణ్ణం పెట్టేస్తాం.

నేననేది ఒకటే. ప్రింటింగ్ నేర్పే చోటుని గురువు పేరు బట్టి ఎంచుకోకండి. అక్కడ మీ చేత్తో మీరు ఎన్ని ప్రింట్లు పాడుచేయగలరో చూసి ఎంచుకోండి. సాయంత్రానికి చెత్తబుట్ట నిండని ప్రింటింగ్ క్లాసులో ఎవరూ ఏమీ నేర్చుకోలేదని అర్థం.

ఇది మొండివాదం కాదు. ఎందుకో ఒక ఉదాహరణతో చెప్తాను. మా చిలమత్తూరు మండలంలో వీరాపురం అని ఊరుంది. ఏటా వందలాది కొంగలొచ్చి ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుకుంటాయి. సైబీరియా పక్షులని అంటుంటారు గానీ అవి పెయింటెడ్ స్టార్క్‌లు, మన ఉపఖండానివే. ఊరివాళ్లు వాటి జోలికి పోరు, పోనివ్వరు. సీజన్లో బెంగుళూరు నుంచి ఫోటోగ్రాఫర్లు కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర హైవే దిగి, మూరెడు లెన్సులేసుకుని వస్తారు. వేల ఫోటోలు తీస్తారు. అవన్నీ ఫోన్లలో మెరుస్తాయి, వారం తర్వాత ఎక్కడున్నాయో తీసినవాళ్లకే గుర్తుండదు.

ఇప్పుడు అందులో ఒక ఫోటోని కాగితం మీదికి తేవాలనుకుందాం. ఎండలో తెల్లటి ఈకలు, వెనక చింతకొమ్మల నల్లటి నీడ. స్క్రీన్ మీద రెండూ బాగానే కనిపిస్తాయి, ఎందుకంటే స్క్రీన్ తనే వెలుగుతుంది. కాగితానికి సొంత వెలుగు లేదు, మీద పడ్డ వెలుతురుని తిప్పి పంపడమే దాని పని. దాని తెలుపుకీ నలుపుకీ మధ్య దూరం తక్కువ. అంచేత ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఈకల్లో గీతలు నిలవాలా, నీడలో గూడు కనపడాలా? రెండూ కావాలంటే ఎక్కడ వెలుతురు ఆపాలి, ఎక్కడ ఇంకో నాలుగు సెకన్లు పోయాలి? దీనికి జవాబు ఏ గురువు దగ్గరా రెడీగా ఉండదు. ఆ నెగెటివ్‌కి, ఆ కాగితానికి, ఆ పక్షి గురించి మీరు చెప్పదలుచుకున్నదానికి కలిపి ఒక జవాబుంటుంది. అది నాలుగైదు కాగితాలు పాడయ్యాకే దొరుకుతుంది.

పెద్దవాళ్ల కథలు కూడా ఇదే చెప్తాయి, మనం సగమే వింటాం. ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయాన్ని ఫోటో తీశాడు. లైట్ మీటర్ చేతికి అందక, చంద్రుడి వెలుగెంతో జ్ఞాపకం మీద లెక్కేసి క్లిక్ కొట్టాడన్న కథ అందరూ చెప్తారు. ఆ తర్వాతది ఎవరూ చెప్పరు. ఆ నెగెటివ్ ప్రింటింగ్‌కి పెద్ద తలనొప్పి. 1948లో దాని కింది భాగాన్ని మళ్లీ రసాయనాల్లో ముంచి గట్టిపరిచాడు. దశాబ్దాల పాటు ప్రింట్ చేస్తూనే పోయాడు. మొదట్లో ఆకాశంలో మబ్బు జాడలు కనిపించేవి, పోనుపోను అది దాదాపు నల్లబడింది. కుర్రతనంలో పియానో సాధన చేసినవాడు కాబట్టి నెగెటివ్‌ని స్వరలిపితో, ప్రింట్‌ని కచేరీతో పోల్చేవాడు. కచేరీ వింటే ఆనందం వస్తుంది గానీ సంగీతం రాదు కదా. రెండు రోజుల డెమో చూపించి 'మాస్టర్‌క్లాస్' అని పేరెట్టడం, కచేరీ టికెట్టుని సంగీత పాఠమని అమ్మడమే.

ఇంకో వైపు కూడా చూడండి. కార్టియే బ్రెసాఁ తన ప్రింట్లు తను చేసుకునేవాడు కాదు. పారిస్‌లోని పిక్టో ల్యాబ్‌లో వోయా మిత్రోవిచ్ ఏళ్ల తరబడి చేసిపెట్టాడు. న్యూయార్క్‌లో మాగ్నమ్ వాళ్ల డార్క్‌రూమ్‌లో పాబ్లో ఇనిరియో పని ప్రింట్ల మీద పెన్నుతో గీతలు గీసి, ఏ ముక్కకి ఎన్ని సెకన్లో అంకెలు వేసుకునేవాడు. టైమ్స్ స్క్వేర్ వానలో నడిచే జేమ్స్ డీన్ ఫోటో మీద ఆ అంకెలు చూస్తే, ఎవడో ఓపిగ్గా డీబగ్ చేసిన ప్రోగ్రామ్‌లా ఉంటుంది. మాస్టర్ అనే మాటకి అర్థం ఆ అంకెలే. అవి రోజూ అదే సింకు దగ్గర నిలబడితే వచ్చాయి.

మన దగ్గర ఈ చరిత్ర లేదా? ఉంది, కాకపోతే చేతులకి పేర్లు లేవు. రాజా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో పీడబ్ల్యూడీ ఉద్యోగం చేసి, తర్వాత ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో కూడా నడిచింది. అప్పటి ఆల్బుమెన్ ప్రింట్లంటే గుడ్డు తెల్లసొన పూసిన కాగితం, దాని మీద గాజు నెగెటివ్, పైన ఎండ. దీన్ దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. వాటిని ఎండలో పెట్టి, రంగు చూసి తీసి, కడిగి ఆరేసిన చేతులెవరివో ఆ ప్రింట్ల మీద ఉండదు. అలాంటి చేతులే మొన్నమొన్నటిదాకా ప్రతి చిన్న టౌన్లో స్టూడియో వెనక ఎర్రబల్బు గదిలో ఉండేవి. మినీల్యాబులొచ్చి, తర్వాత డిజిటలొచ్చి ఆ గదులు స్టోర్‌రూములయ్యాయి. ఇవాళ మన ఊళ్లలో ప్రింటంటే రెండే. పెళ్లికి కరిజ్మా ఆల్బం, పుట్టినరోజుకి ఫ్లెక్సీ. ప్రింటర్ పనిని ఎన్నడూ లెక్కచేయని మనం, ఇప్పుడు హఠాత్తుగా ఒక్క పేరుని మాత్రం దేవుణ్ణి చేసి రెండు రోజుల దర్శనానికి డబ్బు కడుతున్నాం.

"మాస్టర్ చేయి కదలడం కళ్లారా చూడటమే గొప్ప కదా" అంటారు కొందరు. గొప్పే, కాదనను. కానీ ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకి వెళ్లండి. తోలుబొమ్మల కుటుంబాల ఊరది. దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలుని వెలుతురు దూరేంత పల్చగా గీకి, రంగులేసి, ఉలితో చిల్లులు కొడితే బొమ్మవుతుంది. చిల్లు ఎక్కడ పడిందో అక్కడే తెరమీద నగ మెరుస్తుంది. వెలుతురు ఎక్కడ వదలాలి, ఎక్కడ ఆపాలి అన్నదే అక్కడా ప్రశ్న. అది కుటుంబాల్లో చేతి నుంచి చేతికి, తోలు మీద పనిచేస్తూ వచ్చే విద్య. పక్కన కూచుని రెండ్రోజులు చూసి ఎవరైనా నేర్చుకున్నామంటే ఆ ఊళ్లో నవ్వుతారు. మనం మాత్రం సర్టిఫికెట్ ఇస్తాం.

ఒక చిన్న లెక్క చేసి చూద్దాం. రెండు రోజులు, రోజుకి ఆరు గంటలు, పన్నెండు మంది, ఒక్క ఎన్‌లార్జర్. డెమోకి, పరిచయాలకి నాలుగు గంటలు పోతే మిగిలేది ఎనిమిది. తలకి నలభై నిమిషాలు. టెస్ట్ స్ట్రిప్ వేసి, డెవలప్ చేసి, ఫిక్సర్లోంచి తీసి చూసి, మళ్లీ వేయడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. అంటే మీ భాగానికి రెండు కాగితాలు. అదే ఎన్‌లార్జర్లు మూడుంటే ఆరేడు. ఫీజు ఒకటే అయినా చదువు మూడు రెట్లు. ఇంక్‌జెట్ ప్రింటింగ్ నేర్పే చోటైనా ఇదే లెక్క. ప్రొఫైళ్ల మీద ఎన్ని స్లైడ్లు చూపించినా, మీ ఫైలు మీ కళ్లముందు ఎన్నిసార్లు కాగితం మీదికి వచ్చిందన్నదే ముఖ్యం.

రెండో సంగతి, ఫైబర్ కాగితం తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక కాస్త ముదురుగా కనిపిస్తుంది. తడి ప్రింట్ చూసి "అద్భుతం" అని చప్పట్లు కొట్టి పంపించేసే క్లాసు సగంలో ఆగిపోయిన క్లాసు. రాత్రంతా ఆరిన ప్రింట్లని పొద్దున్నే గోడకి పెట్టి, 'ఇది పోయింది, మళ్లీ చెయ్' అనే మనిషి కావాలి. ఆ మనిషి పేరు మీరు వినకపోయినా పర్వాలేదు.

మూడోది నీళ్లు. ఫైబర్ ప్రింట్‌ని మామూలుగా కడగాలంటే పారే నీళ్లలో దాదాపు గంట. మా అనంతపురం వైపు బిందె నీళ్ల విలువ తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఇంటికొచ్చి మీరు చేయలేని పద్ధతి నేర్చుకుంటే అది జ్ఞాపకంగానే మిగుల్తుంది. మాకు నీళ్లు తక్కువ గానీ ఎండకి కరువు లేదు. 1842లో హెర్షెల్ కనిపెట్టిన సయనోటైప్‌కి రెండు రసాయనాలు, ఒక కాగితం, ఎండ ఉంటే చాలు. కడగడానికి నీళ్లూ తక్కువే పడతాయి, డార్క్‌రూమ్ అక్కర్లేదు. పేరున్న మాస్టర్ దగ్గర ప్లాటినం డెమో చూడటం కంటే, మీ మేడ మీద యాభై సయనోటైప్‌లు పాడుచేయించే మామూలు టీచరు మేలు.

కాబట్టి డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అడగండి. నా నెగెటివ్ తెచ్చుకోవచ్చా? మనిషికి ఎన్ని కాగితాలు? ఎన్‌లార్జర్లు ఎన్ని? ఆరిన ప్రింట్లు మర్నాడు చూస్తారా? ఇంట్లో చేసుకోవడానికి ఏం కావాలో చెప్తారా? విసుక్కోకుండా జవాబిస్తే, ఆయన అనామకుడైనా సరే, వెళ్లండి. "సార్ ఎవరో మీకు తెలుసా?" అని ఎదురు ప్రశ్న వస్తే ఫోన్ పెట్టేసి, ఆ డబ్బుతో ఓ డబ్బా కాగితం కొనుక్కోండి. వీరాపురం కొంగలు మళ్లీ సీజన్‌కి వస్తాయి. వాటిలో ఒక్కటైనా ఎవరింటి గోడమీదికో చేరుతుందేమో చూద్దాం.