ఈ భారం చెల్లెళ్ళ మీదేనా?



ఆదివారం ఆరాధన అయ్యాక ప్రార్థన విన్నపాలు తీసుకుంటాము. "అయ్యగారూ, బుధవారం మా కోడలికి పిల్లల ఆపరేషన్, ప్రార్థన చేయండి" అని ఎవరో ఒకరు చెబుతారు. ఇన్నేళ్ళ పరిచర్యలో అలాంటి చెల్లెళ్ళ కోసం ఎన్నిసార్లు ప్రార్థించామో లెక్కలేదు. "మా అబ్బాయికి ఆపరేషన్" అన్న విన్నపం ఒక్కటీ రాలేదు. ఎందుకు రాలేదని మేమూ అడగలేదు.

పోయిన నెల ఒక చెల్లెలు మా ఇంటికి వచ్చింది. ఇరవై రెండేళ్ళు, ఇద్దరు బిడ్డలు. చిన్నది ఇంకా పాలు తాగుతోంది. ఈమెకు రక్తం తక్కువగా ఉందని నర్సమ్మ చెప్పిందట. అయినా మిరప కోతలకు ముందే ఆపరేషన్ అయిపోవాలని ఇంట్లో అత్తమామలు, భర్త కలిసి నిర్ణయించారు. "నన్నెవరూ అడగలేదు అమ్మగారూ. అడిగితే కొన్నాళ్ళు ఆగుదామనేదాన్ని" అని కళ్ళు తుడుచుకుంది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. భర్త ఆపరేషన్ చేయించుకున్న ఇళ్ళు ఒక్క శాతం కూడా లేవు. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు జరిగిన ఆపరేషన్ల తర్వాత నలుగురు తల్లులు చనిపోయారు. ఆ బిడ్డల ముఖాలు తలచుకోండి.

స్త్రీకైతే కడుపు కోయాలి. పురుషునికి కోత, కుట్లు లేని వేసెక్టమీ ఉంది. కొద్ది నిమిషాల పని, అదే రోజు ఇంటికి రావచ్చు. సుమారు మూడు నెలలు వేరే జాగ్రత్త వాడి, పరీక్ష చేయించుకోవాలి. బలం తగ్గదు, మగతనం పోదు. మన రచ్చబండ మాటలు వైద్యం కాదు.

ఇప్పుడే ఆపరేషన్ వద్దనుకునే దంపతులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాపర్-టి, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు, నిరోధ్ ఉచితంగా ఇస్తారు. ఎవరికి ఏది సరిపడుతుందో డాక్టరమ్మను గానీ, మీ ఊరి ఆశా కార్యకర్తను గానీ అడగండి. సిగ్గుపడవలసిన పని లేదు.

"బిడ్డలు దేవుడిచ్చిన వరం కదా, అడ్డుకోవడం పాపం కాదా?" అని కొందరు అడుగుతారు. వరమే. అందుకే ఆ వరాన్ని మోసే తల్లి ప్రాణాన్ని కాపాడుకోవాలి. భార్య దేహం మీద భర్తకు ఎంత అధికారముందో, భర్త దేహం మీద భార్యకూ అంతే ఉందని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. మనం మొదటి సగం బోధిస్తాము, రెండో సగం దాటేస్తాము. క్రీస్తు సంఘం కోసం తన దేహాన్నే అప్పగించాడు. భర్తలకు మాదిరి ఆయనే అయినప్పుడు, చిన్న నొప్పికి వెనుదీయడం ఏమి ప్రేమ?

ఒక మాట దాచకుండా ఒప్పుకోవాలి. మా ఇంట్లోనూ ఆపరేషన్ బల్ల ఎక్కింది అమ్మగారే. మేమిద్దరమూ అప్పుడు మరో దారి ఉందని కూడా మాట్లాడుకోలేదు. అందుకే ఇది మీకు చేసే బోధ కాదు, మా పశ్చాత్తాపం కూడా.

ఆ చెల్లెలి భర్తతో కూర్చుని మాట్లాడాము. ఆపరేషన్ వాయిదా వేశారు. ముందు ఆమెకు రక్తం పట్టాలి. తర్వాత ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్తామన్నారు. ఎవరు చేయించుకోవాలో ఇంకా తేల్చుకోలేదు. కానీ ఈసారి ఆమెను అడుగుతున్నారు.

సహోదరులారా, ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక మీ భార్యను ఒక్క ప్రశ్న అడగండి: "నీకేమి కావాలి?" ఆమె చెప్పేది పూర్తిగా వినండి.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.