ఎద్దుకు లాడాలు, కారుకు టైర్లు

మా పెద్దమ్మాయి కెనడా దేశంలో, మాంట్రియల్ నగరంలో కాపురముంటున్నది. ఏటా కార్తీకమాసం వచ్చేసరికి అక్కడినుంచి ఫోనులో ఒకటే ప్రశ్న: "నాన్నా, మేం చలికాలపు టైర్లు వేయించుకున్నాం. మీరేం చేశారు?"

"మేం ఆకాశదీపం పెట్టామమ్మా" అని నవ్వేసి ఊరుకునేవాణ్ణి. నిరుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను.

మా కాపురం నెల్లూరులో. మా అమ్మ మాత్రం ఊరు వదిలి రానంటుంది. మైపాడు రోడ్డు మీద కొంత దూరం పోయి, పక్కకు తిరిగి, కాలవకట్ట వెంబడి రెండు మైళ్ళు పోతే మా ఊరు. అమ్మకు ఎనభై నాలుగేళ్ళు. నెలకోసారి ఆమెను పట్నం తీసుకొచ్చి, డాక్టరుకు చూపించి, మళ్ళీ దిగబెట్టి రావడం నా వంతు. నిరుడు కార్తీకంలో ముసురు పట్టిన ఒక ఉదయం, అలవాటు ప్రకారం ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టుకొని బయల్దేరాను. కట్ట మీద మలుపు దగ్గర బ్రేకు వేశాను. చక్రాలు ఆగినవిగాని కారు ఆగలేదు. ఆ బురదలో జర్రున జారి, కట్ట అంచుకు పోయి నిలిచింది. ముందు చక్రం ఒకటి కాలవ మీద గాలిలో వేలాడుతున్నది.

నాకు నోట మాట రాలేదు. మా అమ్మ మాత్రం నింపాదిగా, "ఒరే అబ్బాయ్, దిగమంటావా, కూర్చోమంటావా?" అని అడిగింది.

పక్క చేలో నాట్లు వేస్తున్న కూలీలు పరుగెత్తుకొచ్చి, మోకు కట్టి లాగి, మమ్మల్ని గట్టెక్కించారు. ఆ సాయంత్రం మా ఇంట్లో పెద్ద సభ జరిగింది.

మా ఆవిడ అధ్యక్షోపన్యాసం క్లుప్తంగా ముగించింది: "డబ్బు మొహం చూడకండి. వానాకాలానికి టైర్లంటూ ఏవైనా ఉంటే రేపే వేయించండి. లేకపోతే కారు అమ్మేయండి."

మా బావమరిదికి సముద్రపు ఒడ్డున రొయ్యల గుంటలున్నాయి. జీపు లాంటి పెద్ద బండి ఉంది. దానికి అరచేతంత దిమ్మెలున్న మొరటు టైర్లు వేయించాడు. "బావా, నా మాట విని ఇవి వేయించు. బురద గిరద జాన్తా నై" అన్నాడు.

అమ్మాయి ఫోనులోనే, "నేను చెబుతూనే ఉన్నాను గదా నాన్నా" అన్నది. ఆడపిల్ల తండ్రులకు ఈ వాక్యం కొత్తగాదు.

మా అల్లుడు ఇంజనీరు. దేనికైనా రెండో పక్క చూడందే మాట్లాడడు. "మామయ్యా, తొందరపడకండి. చలికాలపు టైర్ల కష్టసుఖాలు పదేళ్ళుగా అనుభవిస్తున్నవాణ్ణి. లెక్కంతా రాసి పంపుతాను, చదువుకొని నిర్ణయించండి" అన్నాడు. అన్నట్టే మర్నాటికి పెద్ద జాబు పంపించాడు. అందులోని సారాంశం మీకూ పనికొస్తుందని ఇక్కడ చెబుతున్నాను.

మామూలు టైరు రబ్బరు సుమారు ఏడు డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువన బిగుసుకుపోవడం మొదలుపెడుతుందట. బిగిసిన రబ్బరుకు రోడ్డు మీద పట్టు చిక్కదు. అందుకని చలికాలపు టైరుకు రబ్బరును వేరే పాళ్ళలో కలిపి, గడ్డకట్టే చలిలో కూడా మెత్తగా ఉండేటట్టు చేస్తారు. దాని దిమ్మెల మీద బ్లేడుతో గీసినట్టు సన్నని చీలికలు కొల్లలుగా ఉంటాయి. అవి మంచును కరచి పట్టుకుంటాయి. ఈ విద్యకు ఆద్యులు ఫిన్లండు వాళ్ళు. 1934లో అక్కడి రబ్బరు కంపెనీ ఒకటి లారీల కోసం ఇటువంటి టైరు తయారు చేసింది. రెండేళ్ళకు కార్ల వంతు వచ్చింది. మా అమ్మాయి వాళ్ళుండే క్విబెక్ రాష్ట్రంలో ఇది 2008 నుంచీ చట్టం. మొదట డిసెంబరు 15 నుంచి అనేవారు. 2019 నుంచి దాన్ని ముందుకు జరిపారు. ఇప్పుడు డిసెంబరు 1 మొదలు మార్చి 15 దాకా ఆ టైర్లు లేని కారుకు జరిమానా తప్పదు.

ఇంతవరకూ సుఖాలు. ఇక కష్టాలు వినండి.

ఒక కారుకు ఎనిమిది టైర్లు పోషించాలి. నాలుగు కారు కింద ఉంటే నాలుగు ఇంట్లోనో, అద్దె ఇచ్చి కొట్లోనో దాచాలి. ఏడాదికి రెండుసార్లు మార్పించాలి. మొదటి మంచు పడిన రోజున టైర్ల కొట్టు ముందు వరస చూస్తే మన పండగ రోజుల్లో రైలు టిక్కెట్ల వరస జ్ఞాపకం వస్తుందట. ఒక ఏడు మా వాడు బద్ధకించి, ఎండలు ముదిరినా పాతవి మార్పించలేదు. చలికని మెత్తగా చేసిన రబ్బరు గదా, వెచ్చని రోడ్డు మీద రబ్బరు చెప్పు అరిగినట్టు అరిగిపోయింది. పైగా పొడిరోడ్డు మీద బ్రేకు వేస్తే కారు ఆగడానికి ఎక్కువ దూరం పట్టేది. మలుపుల్లో స్టీరింగు జావజావగా ఉండేది. పెట్రోలు కాస్త ఎక్కువ తాగేది.

అన్నిటికంటె పెద్ద కష్టం చివర రాశాడు. "మామయ్యా, ఈ టైర్లతో వచ్చే అసలు ప్రమాదం ధైర్యం. కారు మంచులో చక్కగా కదులుతుంది. కదిలింది గదా, ఆగడం కూడా అంత చక్కగా ఆగుతుందనుకుంటాం. అద్దంలా గడ్డకట్టిన రోడ్డు మీద ఏ టైరూ పొడిరోడ్డు మీద ఆపినట్టు ఆపలేదు. మొదటి ఏడాది నేనూ ఆ ధైర్యంతోనే గుంటలో దిగబడ్డాను. అయినా ఐదు నెలలు మంచు కురిసే ఊళ్ళో ఇవి లేకుండా బతకలేం. నష్టాలు తెలిసే వేసుకుంటాం."

ఇక మన సంగతి. నెల్లూరులో సంక్రాంతి నాటి తెల్లవారుజామున, రగ్గు కప్పుకొని వణికే వేళ కూడా ఇరవై డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఏడు డిగ్రీల ముచ్చట మనకెందుకు? మేనెలలో నలభై దాటిన ఎండకు రోడ్డు మీద తారు కరుగుతుంది. చలిదేశపు టైరు తెచ్చి వేస్తే ఒక్క వేసవికే దాని ఆయుష్షు తీరిపోతుంది.

అయితే టైరును పరీక్షించే కాలం మనకూ ఒకటున్నది. రాష్ట్రంలో చాలాచోట్ల వానలు వెనకపట్టే వేళకు మన తీరంలో మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యపు గాలితో వచ్చే వానలే మన వానాకాలం. వాయుగుండాలూ, తుపానులూ అప్పుడే. ఆ మూడు నెలల కోసం బావమరిది చెప్పిన మొరటు టైర్లు వేయించవచ్చునా? ఇదీ నా ముందున్న ప్రశ్న.

ఊరికే వాదించడమెందుకని, ఒక ఆదివారం ఆయన బండిలోనే బయల్దేరాము. మా ఆవిడ వెనక సీట్లో కూర్చున్నది.

ముందు మంచి చెప్పాలి. కాలవకట్ట మీద, నా కారు జారిన చోటనే, ఆ బండి దున్నపోతులా నడిచిపోయింది. బురదలో ఆ టైరుకు సాటి లేదు.

తారురోడ్డు ఎక్కిన తర్వాత పిండిమర చప్పుడు మొదలైంది. మా ఆవిడ ఏదో అంటున్నది, నేను ఏదో జవాబు చెబుతున్నాను. రెంటికీ సంబంధం లేదని ఇంటికి వచ్చాక తెలిసింది. దిమ్మెల మధ్య ఎడమెక్కువ గనుక రోడ్డుకు ఆనే రబ్బరు తక్కువ. అందుచేత తడిసిన తారు మీద ఆ బండి ఆగడానికి నా చిన్న కారు కంటె ఎక్కువ దూరం తీసుకున్నది. బురదలో పులి, తారు మీద పిల్లి! ఆలోచిస్తే, ఏడాదిలో నేను కట్ట మీద నడిపేది ఎన్ని మైళ్ళు, తారు మీద నడిపేది ఎన్ని మైళ్ళు?

మైపాడు సముద్రపు ఒడ్డుకు పోయాము. బావమరిది హుషారుగా బండిని ఇసుకలోకి దింపాడు. పది బారలు పోయి ఆగింది. ఆయన యాక్సిలేటరు తొక్కేకొద్దీ ఆ దిమ్మెలు గడ్డపారలై ఇసుకను తవ్వి, బండి ఇరుసు దాకా దిగబడింది. వలలు బాగుచేసుకుంటున్న పట్టపువాళ్ళు లేచి వచ్చారు. అందులో ఒక కుర్రవాడు, "అంత తొక్కబాకన్నా. టైర్లలో గాలి తియ్" అన్నాడు. గాలి సగానికి తీసేసరికి టైరు ఒంటె పాదంలాగా వెడల్పుగా పరుచుకున్నది. నలుగురూ ఒక తోపు తోశారు. బండి బయటపడింది. అంటే, ఇసుకకు కావలసింది మొరటు దిమ్మెలు కాదు, తగ్గించిన గాలి. అయితే ఒక హెచ్చరిక. రోడ్డెక్కేముందు ఆ గాలి మళ్ళీ పట్టించాలి. గాలి చాలని టైరు వేగంగా తిరిగితే వేడెక్కి పగిలిపోతుంది.

తిరుగుదారిలో బావమరిది కాస్త మెత్తబడి, 2021 నవంబరు సంగతి చెప్పాడు. ఆ ఏడు పెన్నకు వచ్చిన వరద నెల్లూరి వాళ్ళెవరూ మరిచిపోలేదు. కోవూరు దగ్గర పడుగుపాడులో జాతీయ రహదారి తెగింది, రైలుకట్ట కొట్టుకుపోయింది. ఆనాడు ఈయన తన గుంటలు చూసుకోవడానికని బయల్దేరాడు. పల్లెదారి మీద నీరు అడ్డంగా పారుతున్నది. "ఈ టైర్లుండగా భయమేమిటి?" అని గేరు మార్చబోతుంటే, గేదెలు కాసే ముసలాయన ఒకడు కర్ర అడ్డం పెట్టి, "నా గేదెలే దిగనంటుండాయి, నువ్వేందయ్యా దిగేది?" అన్నాడట. ఈయన సిగ్గుపడి వెనక్కు తిప్పాడు. మర్నాటికి అక్కడ నీరూ లేదు, రోడ్డూ లేదు.

ఈ మాట మా అల్లుడికి చెబితే, లెక్కతో సహా బలపరిచాడు. జోరుగా పారే నీరు అడుగు లోతు ఉంటే చాలు, చిన్న కారును తేల్చి తోసుకుపోగలదు. రెండడుగులైతే పెద్ద బండ్లకూ అదే గతి. తేలే బండికి టైరు ఎంత మంచిదైతేనేం? నేల తగిలితేగదా పట్టు!

మర్నాడు టైర్ల కొట్టుకు పోయాను. కొట్టు పెద్దాయన ముందు మొరటు టైర్లే చూపించి, ప్రక్కనున్న ఎం, ఎస్ అక్షరాల మీద వేలు పెట్టి, "బురదకూ మంచుకూ కూడా పనికొస్తాయి సార్" అన్నాడు. ఈ అక్షరాలు తయారుచేసేవాళ్ళు తమంతట తాము ఇచ్చుకునే బిరుదేననీ, మంచు పరీక్ష నెగ్గిన టైరు మీద కొండ బొమ్మా, అందులో మంచుపువ్వూ ఉంటాయనీ అల్లుడు ముందే రాశాడు. ఆ మాట అన్నాను. పెద్దాయన నవ్వి, ఇక వ్యాపారం మాని నిజం మాట్లాడాడు.

"మీ చిన్న కారుకు ఇవి పెద్దవైపోతాయి సార్. తిప్పినప్పుడల్లా లోపల రాసుకుంటాయి. చక్రం పెద్దదైతే స్పీడు మీటరు తక్కువ చూపిస్తాది, మీరు మాత్రం ఎక్కువ పోతుంటారు. అదట్టా ఉండనీండి, అసలు మీ పాత టైర్లు చూసుకున్నారా?"

వంగి చూశాను. గాళ్ళ అడుగున అడ్డంగా చిన్న చిన్న గట్లు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే దాని పని అయిపోయినట్టే. నావి సమానమై చాలా కాలమైంది. "నున్నగా గుండయిపోయినాయి సార్. తడిరోడ్డు మీద నీళ్ళు బయటకు పోయే దారేదీ?" అన్నాడు. తర్వాత టైరు ప్రక్కన నాలుగంకెలు చూపించాడు. మొదటి రెండూ వారం, తక్కిన రెండూ సంవత్సరం. నా టైర్లు ఎనిమిదేళ్ళ క్రితం పుట్టినవి. రబ్బరు ఎండి బీటలు వారింది.

అప్పటికి నాకు సంగతి బోధపడింది. ఆ రోజు మా అమ్మను కాలవ అంచుకు తీసుకుపోయింది వానాకాలపు టైర్లు లేకపోవడం కాదు, ఉన్న టైర్లను నేను చూసుకోకపోవడం. బురద మీద కొత్త టైరూ జారవచ్చు. కాని గుండు టైరుతో, ముసురులో, అలవాటైన వేగంతో మలుపు తిరిగినవాడు కాలాన్ని నిందించకూడదు.

మామూలు టైర్లే నాలుగు కొత్తవి వేయించాను. గాలి నెలకు రెండుసార్లు చూపిస్తున్నాను. ముసురు రోజున కట్ట ఎక్కడం మానేశాను. అమ్మను డాక్టరు దగ్గరకు తీసుకురావడం వాన తెరిపిచ్చిన రోజుకే పెట్టుకున్నాను. నిజంగా అవసరం పడితే, అంబులెన్సు వచ్చే రోడ్డుదాకా మంచం మీద మోసుకు రావడానికి ఊళ్ళో మనుషులున్నారు.

ఈ ప్రయాసంతా అమ్మకు వివరంగా చెప్పాను. అంతా విని, "దీనికింత చర్చ ఎందుకురా? రోడ్డెక్కి బండి లాగే ఎద్దుకు మీ నాయన లాడాలు కొట్టించేవాడు. పొలంలో దిగే ఎద్దుకు కొట్టించేవాడు కాదు. వాగు పొంగిన రోజున ఏ ఎద్దునూ కట్టేవాడు కాదు" అన్నది.

మా అల్లుడు రాసిన పెద్ద జాబంతా ఈ మూడు మాటల్లో ఉంది. ఆమెను ముందే అడిగి ఉంటే పోయేది.