ఉత్తరముల పెట్టెలో పంచాంగము

తెలుగువారి యిండ్లలో గోడమీది క్యాలెండరు తేదీ చూచుకొనుటకు మాత్రమే ఏర్పడినది కాదు. పాలు పోయని దినమునకు సున్న, గ్యాసు బండ వచ్చిన దినమునకు గీత, బీమా కిస్తీ గడువు, పిల్లల పరీక్షలు, అమ్మమ్మగారి ఊరిలో పెండ్లి - ఇవన్నియు దానిమీదనే పెన్సిలుతో వ్రాయబడుచుండును. ఆ ప్రక్కనే, పూర్వము, కొన వంచిన యినుప తీగ యొకటి వ్రేలాడుచుండెడిది. వచ్చిన ఉత్తరములను చదివి దానికి గ్రుచ్చెడివారు. శుభలేఖ తీగమీద, ముహూర్తపు తేదీ క్యాలెండరుమీద. ఆ రెంటిని కలుపునది మనుష్యుని జ్ఞాపకమొక్కటే. అది తప్పినచో పెండ్లియు తప్పిపోయెడిది.

నేడు తీగ స్థానమును ఈ-మెయిలు ఆక్రమించినది. 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికా దేశీయుడు ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు నెట్‌వర్కు ద్వారా లేఖను పంపెను. కాని లేఖయు తేదీయు ఒకే చోట చేరుటకు చాలకాలము పట్టినది. మైక్రోసాఫ్ట్ సంస్థవారి ఔట్‌లుక్ 1997లో లేఖలను, క్యాలెండరును, చేయవలసిన పనుల పట్టికను ఒకే సాఫ్ట్‌వేరులో చేర్చి వెలువరించినది. గూగుల్ వారి జీమెయిల్ 2004లోను, వారి క్యాలెండరు 2006లోను వచ్చినవి. 2004లో వెలువడిన మొజిల్లా వారి థండర్‌బర్డ్ అను ఉచిత సాఫ్ట్‌వేరులో క్యాలెండరు 2015 వరకు వేరుగా తగిలించుకొనవలసినదే. ఆ యేటినుండి అది అంతర్భాగమైనది.

ఈ కలయిక వలన కలిగిన లాభము చిన్నది కాదు. ఆహ్వానము లేఖలో వచ్చినప్పుడు ఒక్క మీట నొక్కినంత మాత్రమున అది తన తేదీలో, తన గంటలో కూర్చుండును. దీనికి కారణము ఐక్యాలెండరు అను ఉమ్మడి ప్రమాణము. 1998లో మొదట ప్రకటింపబడి 2009లో సవరింపబడిన యీ ప్రమాణమును భిన్న సంస్థల సాఫ్ట్‌వేర్లు అంగీకరించినవి కనుకనే, ఒకరి క్యాలెండరులోని మాట మరియొకరి క్యాలెండరునకు అర్థమగుచున్నది. డల్లాసులోని కుమారుడు ఆదివారము ఉదయము 8 గంటలకు విజయవాడలోని తల్లిదండ్రులతో మాటలాడ నిశ్చయించెననుకొనుడు. అతనికి అది వేసవిలో శనివారము రాత్రి 9.30, శీతకాలములో 8.30. అక్కడివారు ఏటేట గడియారములను గంట ముందునకు, గంట వెనుకకు త్రిప్పుకొందురు గదా! గోడమీది క్యాలెండరునకు ఈ సంగతి తెలియదు. మంచి సాఫ్ట్‌వేరునకు తెలియును.

అయినను, ఇంటికి ఏ సాఫ్ట్‌వేరు తగునని విచారించువారు తరచుగా చూచునది రంగులను, బొమ్మలను. కాదేని, కంప్యూటరుతోపాటు వచ్చినదానిని మారుమాటలేక వాడుదురు. కార్యాలయములో వాడునదే యింటను ఉండవలెనని పట్టుపట్టువారును కలరు. ఈ చివరి వాదము బొత్తిగా నిలువదు. కార్యాలయపు సాఫ్ట్‌వేరు సభామందిరమెప్పుడు ఖాళీయో, ఏ యధికారి ఎప్పుడు తీరికగా నుండునో తెలుపుటకు పుట్టినది. ఇంటిలో మందిరమొక్కటే, అందులో తాతగారు ఎప్పుడును ఉందురు.

మొదట చూడవలసినది, లోపలికి వెళ్లిన లేఖలు, తేదీలు మరల బయటికి రాగలవా లేవా యనునది. సాఫ్ట్‌వేరు శాశ్వతము కాదు. 1988లో స్టీవ్ డోర్నర్ రచించిన యూడోరా ఒకప్పుడు ఎందరికో ప్రియమైన లేఖాసాధనము. దాని క్రొత్త కూర్పులు 2006తో నిలిచిపోయినవి. విండోసుతోపాటు ఉచితముగా వచ్చిన మెయిల్, క్యాలెండర్ అను జంట సాధనములకు 2024 డిసెంబరు 31తో మైక్రోసాఫ్ట్ సంస్థ సేవను ఆపివేసినది. పిదప వానినుండి లేఖ పంపుటకు గాని, అందుకొనుటకు గాని వీలులేకపోయినది. ఆ సంస్థ క్రొత్త ఔట్‌లుక్‌ను చూపినదనుట నిజమే. కాని యిల్లు మారవలసి వచ్చినప్పుడు సామానును ఏ బండిలో నైనను ఎక్కించుకొనగలుగుట వేరు, యజమాని చూపిన బండిలోనే ఎక్కవలసి వచ్చుట వేరు. లేఖలను ఎమ్‌బాక్స్ రూపమునను, తేదీలను ఐక్యాలెండరు రూపమునను తీసి యిచ్చు సాఫ్ట్‌వేరు ఎంత అందవిహీనమైనను, ఇయ్యని సుందరమైన దానికంటె మేలు.

లేఖ లెక్కడ నిలుచుచున్నవో కూడ తెలిసికొనవలెను. పాప్ అను పాత పద్ధతి ప్రకారము లేఖలు ఇంటి కంప్యూటరునకు దిగును. సామాన్యముగా దూరమున నున్న సర్వరులో మిగులవు. ఆ కంప్యూటరు చెడిపోయినచో లేఖలును పోవును. ఐమాప్ పద్ధతిలో లేఖలు సర్వరులోనే నిలిచి, ఫోనులోను, కంప్యూటరులోను ఒకే రీతిగా కనబడును. ఇంటికి ఐమాప్ తగినది. కాని సర్వరును నమ్మి నిశ్చింతగా నుండరాదు. రెండు సంవత్సరములు వాడుకలో లేని వ్యక్తిగత ఖాతాలను తొలగించు నియమమును గూగుల్ సంస్థ 2023లో ప్రకటించినది. కీర్తిశేషులైన నాయనమ్మగారి ఖాతాను ఎవరు తెరచి చూచుచుందురు? ఆమె మనుమలకు వ్రాసిన లేఖల ప్రతి యొకటి యింటిలోని డిస్కుమీద నుండవలసినదే.

బ్రౌజరులో లేఖలు చూచుకొనుట సాధ్యమగుచుండగా వేరు సాఫ్ట్‌వేరు ఎందులకని కొందరందురు. ఒక్కటే ఖాతా, ఒక్కటే ఫోను గల యింటికి ఆ మాట సరిపోవును. రెండు మూడు ఖాతాలు కలవారికి, నెట్ తరచుగా ఆగిపోవు ఊళ్లలోని వారికి సరిపోదు.

ఇక తెలుగు గృహమునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. సాఫ్ట్‌వేరు "ప్రతి సంవత్సరము" అనునప్పుడు దాని మనస్సులో నున్నది ఇంగ్లీషు సంవత్సరము. తాతగారి తద్దినము జనవరి 9 కాదు. పుష్య బహుళ పంచమి. చాంద్రమాన సంవత్సరమునకు సుమారు 354 దినములే కనుక, ఆ తిథి మరుసటి యేట పదునొకండు దినములు వెనుకకు జరుగును. అధికమాసము వచ్చిన యేట ఒక్కుమ్మడిగా ముందునకు దూకును. 1957లో భారత ప్రభుత్వము స్వీకరించిన శక జాతీయ క్యాలెండరు సౌరమానమైనది గావున ఈ చిక్కును తీర్పలేదు. ఇతర గణనముల ప్రకారము మరలవచ్చు తేదీలను వ్రాయు విధానమొకటి 2015లో ప్రమాణములలో చేరినది. అయినను ఇండ్లలో వాడుకలో నున్న సాధనములకు తిథిని చెప్పి "ఏటేట గుర్తుచేయుము" అనుటకు సామాన్యముగా వీలులేదు. పైగా తిథి సూర్యోదయమును బట్టి నిర్ణయింపబడును. హైదరాబాదులో ఏకాదశియైన దినము న్యూజెర్సీలో ఏకాదశి కాకపోవచ్చును.

కనుక మనుష్యులే పూనుకొనవలెను. ఉగాదికి క్రొత్త పంచాంగము వచ్చినప్పుడు పెద్దవారొకరు తిథులను చదువుచుండగా, పిల్లవాడొకడు ఆ సంవత్సరపు తేదీలను కంప్యూటరులో నెక్కించినచో ఒక గంట పని. వానిని మిగిలిన పనులతో కలిపివేయక "పంచాంగము" అను పేరున వేరొక క్యాలెండరుగా నుంచి, అన్నదమ్ముల యిండ్లకు పంచుట మంచిది. అట్లు వేర్వేరు క్యాలెండర్లను ప్రక్కప్రక్కన వేర్వేరు రంగులలో చూపలేని సాఫ్ట్‌వేరు మన యిండ్లకు పనికిరాదు. లేఖలు మాత్రము ఎవరివి వారివే. తేదీలు ఉమ్మడి, ఉత్తరములు స్వంతము. చిన్నవారి ఉత్తరములకును ఈ మర్యాద వర్తించును.

గుర్తుచేయు గంటలు కొంచెముగా నుండవలెను. ప్రతి పనికిని గంట పెట్టుకొన్నవాడు వారము దిరుగకుండ అన్నిటిని ఆపివేయును. విద్యుత్తు బిల్లు గడువు ఆ నిశ్శబ్దములోనే దాటిపోవును.

ఆపిల్ వారి పరికరములే యున్న యింటికి వానితో వచ్చు సాధనములు చాలును. పాత విండోసు యంత్రమొకటి, లినక్సు యంత్రమొకటి గల యిండ్లవారు మొదట థండర్‌బర్డ్‌ను పరీక్షించుట యుక్తము. వెలలేదు, 2024నుండి ఆండ్రాయిడ్ ఫోనునకును లేఖల వరకు వచ్చినది. ఏది యెన్నుకొన్నను, పాతదానిని తీసివేయుటకు ముందు పది దినములు రెంటిని కలిపి నడుపవలెను. ఆ పది దినములలో ఒక ఆహ్వానమును పంపి చూడవలెను. ఒక నెల తేదీలను, ఒక సంవత్సరపు లేఖలను పెన్‌డ్రైవులోనికి తీసి, పొరుగువారి కంప్యూటరులో తెరచి చూడవలెను. తెలుగు అక్షరములు చెదరక కనబడినచో పాతదానిని తీసివేయవచ్చును.