బ్యాటు ఒకటి, బోధకులు ఇద్దరు

గత శీతకాలమున మా పట్టణపు మైదానములో జరిగిన బాలికల సాఫ్ట్‌బాల్ పోటీని చూచు అవకాశము మాకు కలిగినది. ఎవరు గెలిచినారో నేడు మాకు జ్ఞాపకము లేదు. జ్ఞాపకమున్నది ఒక్క దృశ్యమే. పదునాలుగేండ్ల బాలిక ఒకతె బ్యాటు పట్టి, ఎడమచేతివాటము వారివలె నిలిచి ఉన్నది. "తాకించి పరుగెత్తు!" అని గీత ప్రక్కనుండి శిక్షకులు కేక వేసినారు. "బేటీ, కుడివైపుకు వచ్చి నీ పద్ధతిలో గట్టిగా కొట్టు!" అని కంచె వెలుపలినుండి తండ్రిగారు అంతకన్న పెద్దగా కేక వేసినారు. ఆ బాలిక ఒకసారి ఇటు చూచినది, ఒకసారి అటు చూచినది. మూడు మంచి బంతులు ఆమె ముందునుండి పోయినవి, బ్యాటు కదలలేదు. అంపైరు ఔటని ప్రకటించినారు. ఆట ముగిసిన పిదప పెద్దలిద్దరును అరగంటసేపు వాదించుకొన్నారు. ఆ బాలిక నీళ్ళసీసా మూత తీయుచు, మరల బిగించుచు ఒక ప్రక్కన కూర్చున్నది. మరుసటి నెలనుండి ఆమె మైదానమునకు వచ్చుట మానినదని విన్నాము.

మన పాఠకులలో సాఫ్ట్‌బాల్ ఎరుగనివారును ఉందురు కావున రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. 1887లో అమెరికాలోని షికాగో నగరమున, చలికాలములో లోగిలి లోపలనే ఆడుకొనుటకై బేస్‌బాల్‌నుండి పుట్టిన ఆట ఇది. మొదటిరోజున బంతికి బదులు ముడివేసి కట్టిన బాక్సింగ్ గ్లౌజును, బ్యాటుకు బదులు చీపురుకర్రను వాడినారని చెప్పుదురు. 1996 నుండి 2008 వరకు మహిళల సాఫ్ట్‌బాల్ ఒలింపిక్ క్రీడగా ఉన్నది. 2021లో జరిగిన టోక్యో క్రీడలలో మరల కనిపించినది. 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల పట్టికలోను చేరినది. మన దేశమున పాఠశాలల పోటీలలోను, విశ్వవిద్యాలయముల పోటీలలోను దీనికి స్థానము కలదు. మహిళల ఆటలో బంతి విసరు స్థానమునకును, కొట్టు స్థానమునకును నడుమ దూరము 43 అడుగులు. గంటకు 60 మైళ్ళ వేగముతో వచ్చు బంతి ఆ దూరమును అర సెకను లోపలనే దాటును. ఈ అర సెకనును పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము.

శిక్షకుల వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఈ బాలిక వేగముగా పరుగెత్తగలదు. భుజబలము ఇంకను తక్కువ. ఎడమవైపు నిలిచి కొట్టువారికి మొదటి బేసు కొంత దగ్గర. బేసుల నడుమ దూరము 60 అడుగులే. బంతి వచ్చుచుండగనే పరుగునకు ఉపక్రమించి, దానిని నేలమీదికి తాకించి, ఎదుటి జట్టువారు అందుకొని విసరులోపల బేసు చేరుట ఒక పద్ధతి. దీనిని 'స్లాప్' అందురు. కుడిచేతివాటము గల చురుకైన బాలికలను ఎడమవైపుకు మార్చి ఈ పద్ధతి నేర్పుట అమెరికాలో చాలకాలముగా ఉన్నదే. మొక్కై వంగనిది మానై వంగునా అని శిక్షకుల తర్కము. పైగా ఆయన చూడవలసినది ఒక్క బాలికను కాదు, తొమ్మండుగురి జట్టును.

తండ్రిగారి వాదమును కూడ వినవలెను. నాలుగేండ్లుగా ప్రతి సాయంకాలము ఇంటి వెనుక ఖాళీస్థలములో బంతులు విసరి, ఆమెకు కుడిచేతివాటమున కొట్టుట నేర్పినది ఆయనే. ఆడపిల్లకు ఆటలేమిటన్న బంధువులకు సమాధానము చెప్పినదియు ఆయనే. "నా బిడ్డ కొట్టిన బంతి గోడ దాటుట నేను కన్నులార చూచినాను, సార్. ఆ చేతిని తాకించి పరుగెత్తుమనుట న్యాయమేనా?" అని ఆయన మాతో అన్నారు. బలము వయస్సుతో వచ్చును. నేడు బలము లేదని రేపటి దెబ్బను మాన్పింపరాదను మాటలో సత్యము లేకపోలేదు.

మరి శాస్త్రము ఎవరి పక్షమున ఉన్నది? బేస్‌బాల్ చరిత్రను చూచినచో శాస్త్రజ్ఞులకే ఏకాభిప్రాయము లేదని తెలియును. 1941లో .406 సగటు సాధించిన టెడ్ విలియమ్స్, నడుమును త్రిప్పి బ్యాటును కొంచెము పైకి సాగించుమని తన గ్రంథములో బోధించినాడు. చార్లీ లా అను మరియొక బోధకుడు, దేహభారమును వెనుక కాలినుండి ముందు కాలిపైకి తెచ్చుటయే ప్రధానమని 1980లో గ్రంథము వ్రాసినాడు. ఆయన శిష్యుడు జార్జ్ బ్రెట్ అదే సంవత్సరమున .390 సగటు సాధించినాడు. ఇద్దరి బోధ వేరు. ఇద్దరి బోధయు ఫలించినది.

జపాను దేశపు ఇచిరో సుజుకి కథ మన ప్రస్తుత విషయమునకు మరింత దగ్గర. కుడిచేతివాటము గల కుమారుని, మొదటి బేసు దగ్గరగునని చిన్ననాడే ఎడమవైపు నిలిపి కొట్టించినది అతని తండ్రియే. అతడు వృత్తిక్రీడాకారుడైన తరువాత, ముందుకాలిని లోలకమువలె ఊపి కొట్టు అతని పద్ధతి జట్టు మేనేజరుకు నచ్చలేదు. అతనిని క్రింది జట్టుకు పంపినాడు. 1994లో వచ్చిన క్రొత్త మేనేజరు అదే పద్ధతితో ఆడనిచ్చినాడు. ఆ ఏడు 130 ఆటలలో ఇచిరో 210 హిట్లు సాధించినాడు. తరువాత 2004లో అమెరికాలో 262 హిట్లతో, 1920నాటి 257 హిట్ల రికార్డును దాటినాడు. ఈ కథ వినగానే తండ్రులు సంతోషింతురు. కాని తన బాల్యమున తండ్రి ఇచ్చిన శిక్షణ హింసకు దగ్గరగా ఉండెడిదని ఇచిరోయే పెద్దయిన పిమ్మట చెప్పినట్లు గ్రంథస్థమై ఉన్నది.

అంత దూరమేల? మన హైదరాబాదు మైదానములలో పెరిగిన మహమ్మద్ అజహరుద్దీన్ ఆఫ్ స్టంపు వెలుపలి బంతిని మణికట్టు త్రిప్పి లెగ్ వైపునకు పంపుచుండెడివాడు. క్రికెటు పాఠ్యగ్రంథము దానిని దోషమనును. 1984-85లో ఇంగ్లండుపై తన మొదటి మూడు టెస్టులలోను అతడు శతకములు చేసినాడు.

కావున తండ్రి అయినంత మాత్రమున సత్యము తెలియదు; శిక్షకుడు అయినంత మాత్రమునను తెలియదు. మా దృష్టిలో అసలు దోషము పద్ధతిలో లేదు. అర సెకనులో ఒక బాలిక చెవిలోనికి రెండు ఆజ్ఞలు పంపుటలో ఉన్నది. ఒక్క ఆజ్ఞ తప్పయినను దేహము దానిని పాటించి ఏదో ఒకటి చేయగలదు. రెండు ఆజ్ఞలు రెండును ఒప్పయినను దేహము కదలదు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినవను సామెత ఇట్టి చోటనే పుట్టి ఉండును.

ఉర్దూలో తాలీం, తర్బియత్ అని రెండు మాటలున్నవి. విద్య నేర్పుట తాలీం; మనిషిని తీర్చి పెంచుట తర్బియత్. మైదానములో తాలీం శిక్షకులది. తర్బియత్ ప్రధానముగా ఇంటిది. ఒకరి హద్దు మరియొకరు ఎరిగినచో తగవు సగము తీరును. పోటీ జరుగుచున్నంతసేపు శిక్షకుల కంఠమొక్కటే వినిపించవలెను. వారు పొరబడినారని తోచినను తండ్రి ఊరకుండవలెను. పోయినచో ఒక పోటీ పోవును. చెప్పవలసినది మరునాడు, బిడ్డ లేని చోట చెప్పవలెను. దస్తర్‌ఖాన్ ముందు కూర్చుండి ఉస్తాదును పరిహసించు ఇంటిలో ఏ బిడ్డయు ఏ విద్యయు నేర్వలేదు.

కాని చేతివాటమునే మార్చుట ఒక పోటీలో తేలు విషయము కాదు. అది నెలల తరబడి సాగు సాధన. అంతవరకు వచ్చిన విద్యను ప్రక్కన పెట్టి మొదటినుండి ఆరంభించుట. ఇంటివారితో చెప్పక, పోటీల నడుమ ఇట్టి మార్పునకు పూనుకొను అధికారము శిక్షకులకు లేదని మా నిశ్చితాభిప్రాయము. పోటీలు లేని కాలమున, ఇంత గడువని ముందే అనుకొని ప్రయత్నింపవచ్చును. గడువు ముగిసిన తరువాత ముగ్గురును కూర్చుండి ఫలితము చూడవలెను. ఆ మూడవ మనిషి బాలికయే.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపమొకటి. మన క్రీడాజట్లకును ఏటేట ఆటలు ఆరంభించుటకు ముందు ఒక సాయంకాలము తలిదండ్రులను, శిక్షకులను, విద్యార్థులను ఒకచోట కూర్చుండబెట్టవలెను. దీనికి ఖర్చు చాయ్ ఖర్చు మాత్రమే. మన సమాజమున ఒక ఆడపిల్ల మైదానమువరకు వచ్చుటకు వెనుక ఎన్ని మాటలు, ఎన్ని అలకలు గడచి ఉండునో మనకు తెలియనిది కాదు. అట్లు వచ్చిన బిడ్డ, ఆట చేతకాక కాదు, పెద్దల తగవు భరింపలేక తిరిగి పోయినచో ఆ లెక్క మన ఖాతాలో వ్రాయబడును.

ఉపాధ్యాయులమైన మేమును నిర్దోషులము కాము. బి.ఎస్.సి.లో చేర్చవలెనని తండ్రి, బి.ఏ.లో చేరుమని మేము వాదించుకొనుచుండగా తలవంచుకొని నిలిచిన విద్యార్థులను మేము చూచి ఉన్నాము. ఆనాడు మైదానములో కూడ శిక్షకులతో మాటలాడినాము, తండ్రిగారితో మాటలాడినాము. నీళ్ళసీసా చేతపట్టి కూర్చున్న ఆ బాలికను, "అమ్మా, నీకు ఎట్లు కొట్టుట ఇష్టము?" అని ఎవరును అడుగలేదు. మేమును అడుగలేదు.