పులకింత సాక్ష్యమా?

డిసెంబరు వస్తే ఖిదిర్‌పూర్‌లో మా తెలుగు ఇళ్ల ముందుకు క్యారల్స్ బృందం వస్తుంది. గిటారు, కంజిర, తలకు చలి టోపీలు. అందరూ డాక్ పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన వాళ్ల పిల్లలూ మనవలే. నేను తలుపు తీస్తాను, పాట వింటాను, టీ ఇస్తాను. "హేతువాదివి, నీకెందుకయ్యా ఇవి?" అంటారు మిత్రులు. పాట బాగుంటుంది కాబట్టి! నా పేచీ పాటతో కాదు, పాట అయ్యాక మొదలయ్యే ప్రసంగంతో.

పోయినసారి పాట అవగానే మా వీధి బాబాయ్ నా చెయ్యి పట్టుకుని, "ఒళ్లు పులకరించింది కదరా? అదే ఆత్మ. నువ్వు ఒప్పుకోకపోయినా దేవుడు నిన్ను తాకాడు" అన్నాడు.

పులకరించిన మాట నిజమే. అయితే బాబాయ్, ఇదే పేటలో మొహర్రం నాడు మర్సియా విన్న ముస్లిముకూ, కాళీపూజ నాడు శ్యామాసంగీతం విన్న బెంగాలీకీ ఇదే పులకింత. ఒంటిమీద రోమాలు లేవడమే సాక్ష్యమైతే ముగ్గురి మతాలూ ఒకేసారి నిజం కావాలి. ఒకరి దేవుణ్ణి మరొకరు ఒప్పుకోరు కదా! అంటే ఆ పులకింత దేవుడి గురించి ఏమీ చెప్పడం లేదు, వినేవాడి గురించే చెబుతోంది. సంగీతానికి ఒళ్లు జలదరించినప్పుడు మెదడులో డోపమిన్ విడుదలవుతుందని మాంట్రియల్ శాస్త్రజ్ఞులు 2011లో చూపించారు. వాళ్లు వినిపించినవి ఎక్కువగా మాటల్లేని వాద్య సంగీతమే.

ఇక పాటల్లో దాగి ఉందంటున్న "పరమార్థం" సంగతి. "హార్క్ ద హెరాల్డ్" పాట మాటలు చార్లెస్ వెస్లీవి, 1739 నాటివి. మనం పాడే బాణీ మెండెల్సన్‌ది. 1840లో గూటెన్‌బర్గ్ అచ్చుయంత్రం ఉత్సవానికి కట్టాడు. అది భక్తి మాటలకు నప్పదని ఆయనే అన్నాడు. ఆయన పోయాక 1855లో ఇంకొకరు రెండూ అతికించారు. "ఓ హోలీ నైట్" మాటలు రాసినవాడు వైన్ వ్యాపారి. "జింగిల్ బెల్స్" (1857) లో యేసు లేడు, క్రిస్మస్ కూడా లేదు. "సైలెంట్ నైట్" పుట్టుకకు ఎలుకలు ఆర్గన్ కొరికేశాయని కథ చెబుతారు. బాణీ కట్టిన గ్రూబరే 1854లో రాసిన వివరణలో ఎలుకల ఊసే లేదు. ఇవి పాటల అందాన్ని తగ్గించవు. కానీ వీటిని కట్టింది మనుషులు, అర్థం నింపుకునేదీ మనుషులే.

ఖిదిర్‌పూర్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. మైకేల్ మధుసూదన్ దత్తు పెరిగింది ఇక్కడే. 1843 ఫిబ్రవరి 9న బాప్తిస్మం తీసుకుంటూ ఆ సందర్భానికి తానే ఇంగ్లీషులో ఒక కీర్తన రాసుకున్నాడు. అది విన్నవాడు ఎంత గొప్ప ఆత్మానుభవమో అనుకుంటాడు. తండ్రి కుదిర్చిన పెళ్లి తప్పించుకోవడం, ఇంగ్లండు వెళ్లాలన్న ఆశ కూడా అందుకు కారణాలని జీవిత చరిత్రకారులు చెబుతారు. అదే మనిషి 1861లో రావణుడి కొడుకును నాయకుణ్ణి చేసి మేఘనాదవధ కావ్యం రాశాడు. కీర్తనలో ఆవేశం ఉన్నంత మాత్రాన సిద్ధాంతం రుజువు కాదు.

"పోనీలే, నమ్మితే నష్టమేమిటి?" అంటారా? నష్టం నేను చూశాను. మా వెనక వీధిలో ఇన్సులిన్ తీసుకునే ఒకాయనకు, పాటల తర్వాత వచ్చిన ప్రసంగీకుడు "ఈ పాటలోని శాంతే నీ మందు" అని చెప్పి వెళ్లాడు. ఆయన సూది మానేశాడు. నాలుగో రోజున స్పృహ తప్పితే ఆసుపత్రికి మోసుకెళ్లాం. బతికాడు. ఆయన భార్య నన్ను అడిగిన మాట మరిచిపోలేను: "పాట అంత బాగుంది, అబద్ధం ఎందుకవుతుంది బాబూ?" చిక్కంతా అక్కడే ఉంది. బాగుండటం వేరు, నిజం కావడం వేరు.

ఇది చదివి ఎవరైనా "చూశారా, హేతువాదులు మా వైపే" అని మురిసిపోకండి. 2017 డిసెంబరులో మధ్యప్రదేశ్‌లోని సత్నా వద్ద క్యారల్స్ పాడిన సెమినరీ విద్యార్థులపై మతమార్పిడి ఆరోపణ చేసి, పోలీసు స్టేషనుకు తీసుకుపోయారు. వాళ్ల కోసం వచ్చిన ఫాదర్ల కారు తగలబెట్టారు. అది విమర్శ కాదు, రౌడీయిజం. పాడే హక్కు కోసం నేను ఆ పిల్లల పక్కన నిలబడతాను. 51ఎ(హెచ్) ప్రకారం శాస్త్రీయ దృక్పథం పెంచడం పౌరుడి బాధ్యత. పాట గొంతు నొక్కమని ఆ అధికరణ చెప్పలేదు.

ఈ డిసెంబరులోనూ తలుపు తీస్తాను, టీ పెడతాను. పాట అయ్యాక ప్రసంగం మొదలైతే మాత్రం నా ప్రశ్నలూ మొదలవుతాయి. బాబాయ్, సిద్ధంగా ఉండు!